పల్లెలో బ్రాడ్‌బ్యాండ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్ర, తెలంగాణ ఊళ్లలో ఇంటర్నెట్ పెట్టించుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలివి. ఏ ప్రశ్నకు జవాబు ఆ ప్రశ్న కిందే పూర్తిగా ఉంది, మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లండి. ప్లాన్ల రేట్లు తరచూ మారతాయి కాబట్టి ఇక్కడ రాయలేదు.

## కనెక్షన్ తీసుకునే ముందు

మా ఊరికి ఫైబర్ వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

కంపెనీ వెబ్‌సైట్లో పిన్‌కోడ్ కొట్టి చూస్తే సరైన జవాబు దొరకదు. పల్లెల్లో ఒక్క పిన్‌కోడ్ కింద చాలా ఊళ్లుంటాయి. ఒక ఊళ్లో లైను ఉంటే అన్నిటికీ ఉందని చూపిస్తుంది. దానికన్నా వీధిలో స్తంభాలు చూడండి. సన్నటి నల్ల వైరు, దాని మీద అక్కడక్కడా అరచేతంత ప్లాస్టిక్ డబ్బాలు కనిపిస్తే ఫైబర్ వచ్చినట్టే. ఒక లైనును చాలా ఇళ్లకు పంచే స్ప్లిటర్ ఆ డబ్బాలో ఉంటుంది. కేబుల్ ఆపరేటర్‌ని లేదా లైన్‌మ్యాన్‌ని ఒక్కటే అడగండి: "మా ఇంటికి దగ్గర్లో ఉన్న స్ప్లిటర్‌లో ఖాళీ పోర్టు ఉందా?" ఉందంటే రెండు మూడు రోజుల పని. "పెడతాం లెండి" అన్నారంటే కొత్త స్ప్లిటర్ రావాలన్నమాట, ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేం.

పంచాయతీ ఆఫీసుకు భారత్‌నెట్ ఎప్పుడో వచ్చింది. మా ఇంటికి ఎందుకు ఇవ్వడం లేదు?

2011లో మొదలైన ఆ కేంద్ర పథకం మొదటి లక్ష్యం పంచాయతీ దాకా లైను వేయడమే. అక్కణ్ణుంచి ఇళ్లకు వైర్లు లాగి, బాగోగులు చూసే స్థానిక భాగస్వామి దొరికితేనే ఇంటి కనెక్షన్లు మొదలవుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగింది. తెలంగాణలో టీ ఫైబర్ మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే తన గొట్టాలు వేసుకుంది.

పంచాయతీలో డబ్బా ఉన్నా పనిచేయకపోవడానికి ఇంకో కారణం ఉంది. పాత పద్ధతిలో మండలం నుంచి ఊళ్లన్నిటికీ ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే దారిలో లైను వెళ్లింది. మధ్యలో జేసీబీ ఎక్కడ తెంపినా ఆ తర్వాతి ఊళ్లన్నీ ఆగిపోతాయి. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన రూ.1,39,579 కోట్ల సవరించిన పథకంలో రింగ్ పద్ధతి పెట్టారు. ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి నడుస్తుంది. మీ మండలంలో ఆ పని జరిగిందో లేదో బీఎస్‌ఎన్‌ఎల్ సబ్ డివిజన్ ఆఫీసులో అడగండి.

ఏ కంపెనీది తీసుకుంటే మంచిది?

ఊళ్లో ఈ ప్రశ్నను "వైరు తెగితే ఎవరొస్తారు?" అని మార్చుకోవాలి. చాలాచోట్ల కేబుల్ ఆపరేటర్ ఒక్కడే రెండు మూడు కంపెనీల లైన్లు చూస్తుంటాడు. అతనికి ఫైబర్ అతికించే మెషిన్ సొంతంగా ఉందా, లేక టౌను నుంచి తెప్పించుకుంటాడా? అతని ఆఫీసులో బ్యాటరీలు ఉన్నాయా? కిందటి వానాకాలంలో లైను ఎన్ని రోజులు పోయింది? చివరి ప్రశ్న అతన్ని అడక్కండి. అదే వీధిలో ఆ కనెక్షన్ వాడుతున్న ఇద్దర్ని అడగండి. నెలకు వంద రూపాయలు ఎక్కువైనా మరుసటి రోజుకే వచ్చి బాగుచేసేవాడిది తీసుకోవడమే లాభం.

మాకు ఎన్ని ఎంబీపీఎస్ సరిపోతుంది?

నలుగురున్న ఇంటికి 30 నుంచి 50 చాలు. మంచి క్వాలిటీ వీడియోకు 5, ఫోర్‌కే టీవీకి 25, వీడియో మీటింగుకు 3 లేదా 4 ఎంబీపీఎస్ ఖర్చవుతుంది. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లు అప్‌లోడ్ స్పీడ్ ఎంతో విడిగా అడగాలి. కొన్ని ప్లాన్లలో డౌన్‌లోడ్ 100 ఉండి అప్‌లోడ్ తక్కువుంటుంది.

సినిమా డౌన్‌లోడ్ పెట్టి "100 అన్నారు, 12 చూపిస్తోంది" అని గొడవపడేవాళ్లున్నారు. ప్లాన్‌లో చెప్పేది మెగాబిట్లు, డౌన్‌లోడ్‌లో కనిపించేది మెగాబైట్లు. ఎనిమిదితో భాగించాలి. 100 ఎంబీపీఎస్ లైనులో సెకనుకు 12.5 మెగాబైట్లు దిగితే లైను బ్రహ్మాండంగా ఉన్నట్టు.

అన్‌లిమిటెడ్ అని చెప్పి మధ్యలో స్పీడ్ ఎందుకు తగ్గిస్తారు?

ప్లాన్ వివరాల్లో చివర చిన్న అక్షరాల్లో ఒక హద్దు ఉంటుంది. ఫైబర్ ప్లాన్లలో చాలావాటికి అది నెలకు 3300 జీబీ. చౌక ప్లాన్లలో, వైరు లేకుండా టవర్ నుంచి వచ్చే ఎయిర్‌ఫైబర్‌లో 1000 జీబీ లేదా అంతకన్నా తక్కువ. హద్దు దాటాక నెలాఖరు దాకా నెమ్మదిగా నడుస్తుంది. మామూలు ఇల్లు 3300 దాటదు. కెమెరాలు పగలూ రాత్రీ క్లౌడ్‌లోకి రికార్డు చేస్తుంటే మాత్రం లెక్క వేసుకోవాలి.

## అప్లై చేసేటప్పుడు

ఏం కాగితాలు కావాలి? ఎవరి పేరు మీద తీసుకోవాలి?

ఆధార్, ఫోటో, పనిచేసే మొబైల్ నంబరు చాలు. ఊళ్లో ఉండేవాళ్ల పేరు మీదే తీసుకోండి. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు అమ్మానాన్నల కోసం ఆన్‌లైన్‌లో తమ నంబరుతో బుక్ చేస్తారు. తర్వాత ఫిర్యాదు పెట్టినా, ఇంట్లో పెట్టే వైఫై బాక్స్ మార్చినా ఓటీపీ వాళ్ల ఫోన్‌కు పోతుంది. మెకానిక్ గుమ్మంలో నిలబడి ఉంటాడు, అక్కడ అర్ధరాత్రి. బిల్లు పిల్లలు కట్టొచ్చు, నంబరు మాత్రం ఇంట్లో ఉన్నవాళ్లది ఇవ్వాలి.

మొదట మొత్తం ఎంత అవుతుంది?

ప్లాన్ రేటు చూసి లెక్క వేయకండి. దాని మీద 18 శాతం జీఎస్టీ, బిగింపు ఛార్జీ, బాక్స్ డిపాజిట్ లేదా కొనుగోలు ధర, కంపెనీ ఇచ్చే పొడవు దాటిన వైరుకు మీటరు చొప్పున డబ్బు కలుస్తాయి. "బాక్స్ ఫ్రీ" అంటే సాధారణంగా ఆరు నెలలో ఏడాదో ముందే కట్టాలన్న షరతు ఉంటుంది. డిపాజిట్‌కు రసీదు తీసుకోండి. అందులో బాక్స్ సీరియల్ నంబరు రాయించండి. నోటిమాట మీద ఇచ్చిన డిపాజిట్ తిరిగి రాదు.

మా ఇల్లు పొలంలో ఉంది, ఊరికి 600 మీటర్లు. అంత దూరం ఇస్తారా?

ఫైబర్‌కు దూరం సమస్యే కాదు. ఆపరేటర్ దగ్గర ఉండి ఇళ్లకు వెలుగు పంపే ఓఎల్‌టీ అనే పెట్టె నుంచి 20 కిలోమీటర్ల దాకా నడిచేలా ఈ పద్ధతిని తయారుచేశారు. ఇబ్బందల్లా వైరును మోసే స్తంభాలతోనే. ఇంటికి లాగే సన్నటి వైరును 40, 50 మీటర్లకు మించి ఆధారం లేకుండా వేలాడదీస్తే గాలికి సాగి లోపలి గాజు పోగు దెబ్బతింటుంది. అంటే 600 మీటర్లకు పన్నెండు నుంచి పదిహేను స్తంభాలు కావాలి. సరుగుడు కర్రలు పాతితే చెదలు పట్టి కొన్నేళ్లకే పడిపోతాయి. ఇనుప పైపులో, పొట్టి సిమెంటు స్తంభాలో నయం.

గట్టు వెంబడి భూమిలో వేయడం ఇంకా మంచిది. అంగుళం హెచ్‌డీపీఈ పైపు వేసి, అందులోంచి వైరు లాగాలి. లోతు కనీసం మూడడుగులు ఉండాలి, తక్కువైతే రోటవేటరో నాగలో తగులుతుంది. పైపు మూతులు మూసేయకపోతే ఎలుకలు దూరతాయి. వైరు కొనేటప్పుడు రెండు పోగులది కాకుండా నాలుగు పోగులది తీసుకోండి. ఒకటి పోతే రెండోదానికి మార్చుకోవచ్చు, మళ్లీ తవ్వే పని ఉండదు. పక్కవాళ్ల పొలం దాటాల్సి వస్తే ముందే మాట్లాడుకుని కాగితం మీద సంతకం పెట్టించుకోండి. పంపకాలప్పుడు తెగే వైర్లు తుపానుకు తెగేవాటికి తక్కువేం కాదు.

కరెంటు స్తంభాల మీదుగా మేమే కట్టేసుకోవచ్చా?

వద్దు. ఆ స్తంభాలు కరెంటు పంపిణీ సంస్థవి (డిస్కం), వాళ్ల అనుమతి లేకుండా ఏది కట్టినా తీసేస్తారు. అంతకన్నా ముఖ్యం ప్రాణం. ఇంటికి లాగే వైర్లు (డ్రాప్ వైర్లు) చాలావాటిలో బలం కోసం ఇనుప తీగ ఉంటుంది. అది జారి 11 కేవీ లైనుకు తగిలితే వైరు పొడవునా, మీ ఇంటి గోడ దాకా కరెంటు వస్తుంది. ఆపరేటర్ అనుమతితో స్తంభాల మీద లాగుతున్నా ఇనుప తీగ బదులు గాజునార ప్లాస్టిక్ కడ్డీ ఉన్న ఎఫ్ఆర్‌పీ వైరే వేయమనండి. ఇనుప బైండింగ్ వైరుతో కట్టనివ్వకండి.

## బిగించే రోజు

మెకానిక్ వచ్చినప్పుడు ఏమేం చూసుకోవాలి?

ఒక్క అంకె చూసుకుంటే చాలు, మిగతావన్నీ దాని తర్వాతే. మెకానిక్ జేబులో పవర్ మీటర్ ఉంటుంది. 1490 నానోమీటర్ల దగ్గర పెట్టి, మీ బాక్స్‌లోకి వెళ్లే వైరు కొసను అందులో పెట్టమనండి. డీబీఎం అంటే వెలుగు బలానికి కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువని అర్థం. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే మంచి లైను. మైనస్ 27 అంటే ఇవాళ నడుస్తుంది, వాన పడ్డ రోజు ఆగుతుంది. మైనస్ 28 దాటితే చాలా బాక్సులు పట్టుకోలేవు.

ఆ అంకె ఎలా వస్తుందో తెలిస్తే మెకానిక్‌తో మాట్లాడటం తేలిక. ఓఎల్‌టీ నుంచి వెలుగు దాదాపు ప్లస్ 3తో బయల్దేరుతుంది. దారిలో ఎనిమిది దారుల స్ప్లిటర్ పదిన్నర డీబీ (బలంలో తగ్గుదల) తింటుంది, దానితోపాటు నాలుగు దారులది ఉంటే ఇంకో ఏడుకు పైగా. ఐదు కిలోమీటర్ల వైరు ఒకటిన్నర లోపే. అతుకులు, కనెక్టర్లు కలిపి రెండు. మొత్తం 21 పోతే మీ ఇంట్లో మైనస్ 18 రావాలి. మీటర్‌లో మైనస్ 26 కనిపిస్తే మధ్యలో ఎక్కడో చెడ్డ అతుకో, మడతో, మురికి కనెక్టరో ఉంది. "నెట్ వస్తోంది కదండీ" అని వెళ్లిపోబోతే ఆపండి. నెట్ రావడం వేరు, నిలబడటం వేరు. ఆ అంకెను, తేదీని బాక్స్ పక్కన గోడ మీద మార్కర్‌తో రాసుకోండి. ఆరు నెలల తర్వాత ఫిర్యాదు చేసేటప్పుడు దానికి మించిన సాక్ష్యం లేదు.

మీటర్ లేదంటే, కనెక్షన్ వచ్చాక ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి లోపలికి వెళ్లండి. చాలా బాక్సుల్లో స్టేటస్ కింద పాన్ (PON) లేదా ఆప్టికల్ అన్న పేజీలో ఆర్ఎక్స్ పవర్ (Rx Power) అని ఇదే అంకె కనిపిస్తుంది.

మెషిన్‌తో అతికించాలా? చేత్తో బిగించే కనెక్టర్ చాలదా?

ఇంటి లోపల చివరి కొసకు చేత్తో బిగించే ఫాస్ట్ కనెక్టర్ ఫరవాలేదు. స్తంభం మీద, ఎండా వానా తగిలే చోట మాత్రం మెషిన్‌తో కరిగించి అతికించిందే ఉండాలి. మెషిన్ అతుకులో పోయేది 0.1 డీబీ లోపు. ఫాస్ట్ కనెక్టర్ లోపల రెండు కొసలు జెల్‌లో ఆనుకుని ఉంటాయంతే, ఎండకు జెల్ ఆరిపోయి నష్టం పెరుగుతూ పోతుంది. కనెక్టర్ రంగు కూడా చూడండి. ఆకుపచ్చది ఆకుపచ్చ సాకెట్‌లోకి, నీలంది నీలం దాంట్లోకే వెళ్లాలి. ఆకుపచ్చది కొస వాలుగా కోసి ఉంటుంది. నీలం దాంట్లో దూర్చితే పట్టినట్టే ఉంటుంది, వెలుగు మాత్రం చాలావరకు పోతుంది.

బాక్స్ ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

ఇంటి మధ్యలో, ఐదారు అడుగుల ఎత్తున. టీవీ వెనక, ఇనుప బీరువా మీద, గోడలో కట్టిన అలమారలో వద్దు. కిటికీలోంచి వైరు లోపలికి వచ్చే ముందు బయట కిందికి ఒక వంపు ఇవ్వాలి, లేకపోతే వాన నీళ్లు వైరు పట్టుకుని ఇంట్లోకి వస్తాయి. మూలల్లో మూడు సెంటీమీటర్ల కన్నా బిగువుగా వంచకూడదు. రెండు మూడు మీటర్ల వైరు చుట్టగా మిగల్చమనండి. ఎప్పుడైనా కొస పాడైతే కోసి మళ్లీ బిగించడానికి పనికొస్తుంది.

వైఫై పాస్‌వర్డ్ మెకానిక్ పెట్టిందే ఉంచొచ్చా?

మార్చండి. ఊరంతటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టే అలవాటు చాలామందికి ఉంది.

## ఇంట్లో వైఫై

100 ప్లాన్ తీసుకుంటే ఫోన్‌లో 30 కూడా రావడం లేదు. మోసమా?

ముందు తప్పు లైనుదో వైఫైదో తేల్చుకోండి. బాక్స్ నుంచి ల్యాప్‌టాప్‌కు లాన్ వైరు పెట్టి, అందులో ఏదైనా స్పీడ్ టెస్ట్ వెబ్‌సైట్ తెరవండి. అక్కడ 90కి పైగా వస్తే కంపెనీ ఇవ్వాల్సింది ఇచ్చినట్టే. ఫోన్‌లో తగ్గడానికి మామూలు కారణం 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఉండటం. అది దూరం వెళ్తుంది కానీ స్పీడ్ తక్కువ. బాక్స్‌లో రెండు పేర్లు కనిపిస్తుంటే 5జీ అని ఉన్నదానికి కలపండి. దానికీ మొబైల్ 5జీకీ సంబంధం లేదు, 5 గిగాహెర్ట్జ్ అని అర్థం. ఒకటే పేరు కనిపిస్తుంటే మీది ఒకే బ్యాండ్ బాక్స్ కావచ్చు.

పై అంతస్తులో సిగ్నల్ రావట్లేదు. రిపీటర్ కొనమంటారా?

శ్లాబులోని ఇనుప చువ్వలు, పాత ఇళ్ల రెండడుగుల మట్టి గోడలు, రేకుల కప్పు, ఈ మూడూ వైఫైని మింగేస్తాయి. రిపీటర్ ఒకే రేడియోతో వినడం, చెప్పడం రెండూ చేస్తుంది కాబట్టి స్పీడ్ దాదాపు సగమవుతుంది. కింది నుంచి పైకి లాన్ వైరు లాగి, పాత రౌటర్ ఒకటి పైన పెట్టడం మేలు. క్యాట్ 6 వైరు 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. పై రౌటర్ అడ్రసు 192.168.1.2గా మార్చండి, ఫోన్లకు అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని అందులో ఆపేయండి, వైరును వాన్ రంధ్రంలో కాకుండా లాన్ రంధ్రంలో పెట్టండి. డీహెచ్‌సీపీ ఆపడం మర్చిపోతే రెండు రౌటర్లూ అడ్రసులు పంచి ఇంట్లో అందరికీ నెట్ వస్తూ పోతూ ఉంటుంది.

వేరే కట్టడానికి, అంటే పశువుల పాకకో పక్కనున్న అన్నగారింటికో లాగేటప్పుడు రాగి లాన్ వైరు ఆరుబయట వేయకండి. పిడుగు దగ్గర్లో పడితే రెండువైపులా సామాను కాలిపోతుంది. లాన్‌ను ఫైబర్‌గా, ఫైబర్‌ను లాన్‌గా మార్చే మీడియా కన్వర్టర్లు రెండు పెట్టి మధ్యలో ఫైబర్ వేస్తే ఆ భయం ఉండదు.

సీసీ కెమెరాలు హైదరాబాద్ నుంచి చూడాలి. ఈ కనెక్షన్ పనిచేస్తుందా?

క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి యాప్‌లో చూసే కెమెరాలు పనిచేస్తాయి. పాత డీవీఆర్‌ను (కెమెరాల రికార్డర్) బయటి నుంచి నేరుగా చూసేందుకు పోర్ట్ ఫార్వర్డ్ పెట్టే పద్ధతి చాలా కంపెనీల దగ్గర ఇప్పుడు కుదరదు. ఒకే పబ్లిక్ ఐపీని (ఇంటర్నెట్‌లో కనిపించే అడ్రసు) ఎంతోమందికి పంచుతున్నారు. అది కావాలంటే మీకొక్కరికే ఉండే స్టాటిక్ ఐపీకి విడిగా డబ్బు కట్టాలి. డేటా లెక్క: ఒక కెమెరా 1 ఎంబీపీఎస్ చొప్పున రోజంతా క్లౌడ్‌లోకి పంపితే రోజుకు 10.8 జీబీ, నెలకు 324 జీబీ. కెమెరాలోనే మెమరీ కార్డు పెట్టి, చూసినప్పుడు మాత్రమే నెట్ వాడేలా పెట్టుకోండి.

## ఆగిపోయినప్పుడు

బాక్స్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది. ఏం చేయాలి?

లాస్ (LOS) అని రాసున్న ఎర్ర లైటు అంటే వెలుగు బాక్స్ దాకా రావడం లేదు. రీసెట్ బటన్ నొక్కకండి, ఉన్న సెట్టింగులు పోయి ఇంకో పని పెరుగుతుంది. వైరు బాక్స్‌లో సరిగా దిగిందో చూడండి, ఎక్కడైనా మడత పడిందేమో, తలుపు కింద నలిగిందేమో చూడండి. పక్కింటివాళ్లకూ పోయి ఉంటే తప్పు స్తంభం మీదో ఆపరేటర్ దగ్గరో ఉంది. వాళ్లకు వస్తుంటే మీ ఇంటికి వచ్చే వైరే తెగింది. ఈ మాట చెబితే మెకానిక్ సరైన సామానుతో వస్తాడు. తెగిన వైరు కొసలో వెలుగు వస్తుందేమోనని కంటితో చూడకండి. ఆ వెలుగు కంటికి కనిపించదు, కానీ కంటికి చేటు. విరిగిన గాజు పోగు ముక్కలు కాలికి గుచ్చుకుంటే తీయడం కష్టం, ఊడ్చి పారేయండి.

ఎర్ర లైటు లేదు, పాన్ లైటు మిణుకుమిణుకుమంటోంది. నెట్ లేదు.

వెలుగు వస్తోంది కానీ ఓఎల్‌టీ మీ బాక్స్‌ని గుర్తించడం లేదు. పవర్ బాగా పడిపోయి ఉండొచ్చు, లేదా బాక్స్ నంబరు వాళ్ల దగ్గర నమోదు కాలేదు. కొత్త బాక్స్ మార్చిన రోజు ఇలా అయితే రెండోదే. బాక్స్ ఆపి పది నిమిషాల తర్వాత వేసి చూడండి. పాన్ లైటు నిలకడగా ఉండి నెట్ మాత్రమే లేకపోతే బిల్లు గడువు ముగిసిందేమో ముందు చూసుకోండి.

కరెంటు పోతే నెట్ పోతోంది. మినీ యూపీఎస్ పెడితే సరిపోతుందా?

మీ బాక్స్ వరకు సరిపోతుంది. అడాప్టర్ మీద 12 వోల్టులు అని, 1 లేదా 1.5 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. అదే వోల్టేజి ఇచ్చే యూపీఎస్ కొనాలి, ఆంపియర్లు ఎక్కువున్నా నష్టం లేదు. కొన్ని బాక్సులకు 9 వోల్టులే, వాటికి 12 పెడితే కాలిపోతాయి. డబ్బా మీద 10,400 ఎంఏహెచ్ అని ఉంటే 3.7తో గుణించి చూడండి, 38 వాట్ అవర్లు. నష్టాలు పోను 32. బాక్స్ 8 నుంచి 10 వాట్లు తింటుంది కాబట్టి మూడు గంటలకు పైగా నడుస్తుంది.

అయితే ఊరంతా కరెంటు పోయినప్పుడు ఆపరేటర్ దగ్గర కూడా పోతుంది. అక్కడ బ్యాటరీలు నిలవకపోతే మీ ఇంట్లో యూపీఎస్ పెట్టినా ఎర్ర లైటే. కరెంటు పోయిన ఎంతసేపటికి మీ లైను ఆగుతుందో, ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఒకసారి గమనించి అప్పుడు డబ్బు పెట్టండి.

ఉరుములు మెరుపులప్పుడు తీసేయాలా?

అడాప్టర్ ప్లగ్ నుంచి పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. ఫైబర్‌లోంచి పిడుగు రాదు. బాక్సులు కాలేది కరెంటు లైను వల్ల, లాన్ వైర్ల వల్ల. వైరులో ఇనుప తీగ ఉంటే దాన్ని ఇంటి బయటే కత్తిరించి, గాజు పోగు మాత్రమే లోపలికి తెచ్చేలా చెప్పండి.

మా వీధిలో వైరు నెలకోసారి తెగుతోంది. కారణమేంటి?

సీజన్‌ని బట్టి చెప్పేయొచ్చు. కోతలప్పుడు గడ్డి ట్రాక్టర్లు, చెరకు లారీలు. వినాయక చవితికి విగ్రహాల ఊరేగింపు. వానలకు ముందు రోడ్డు పనుల జేసీబీలు, చెట్ల కొమ్మలు కొట్టే కరెంటువాళ్లు. ఏడాది పొడవునా కోతులు, ఉడతలు. రోడ్డు దాటే చోట వైరు కనీసం 18 అడుగుల ఎత్తున ఉంటే మొదటి రెండూ తగ్గుతాయి. కోతులున్న చోట వైరు కన్నా స్ప్లిటర్ డబ్బాలకు ప్రమాదం ఎక్కువ, మూత ఊడదీసి లోపలివి లాగేస్తాయి. డబ్బాను గోడకు, ఇనుప పెట్టెలో పెట్టించాలి. ప్రతిసారీ ఒకే చోట తెగుతుంటే అతకడం మానేసి ఆ స్తంభానికీ ఈ స్తంభానికీ మధ్య వైరు మొత్తం మార్చమని పట్టుపట్టండి. అతుకు మీద అతుకు వేసుకుంటూ పోతే పవర్ తరుగుతూనే ఉంటుంది.

పగలు బాగుంటుంది, రాత్రి 8 నుంచి 11 దాకా నత్తనడక. ఎందుకు?

ఓఎల్‌టీలో ఒక పోర్టు నుంచి వచ్చే 2.5 గిగాబిట్‌ను 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి, అది సాధారణంగా చాలుతుంది. చాలనిది ఆపరేటర్ పై నుంచి కొనుక్కునే లైను. రాత్రి అందరూ టీవీలు పెట్టగానే అది నిండిపోతుంది. మీ బాక్స్ మార్చినా, ప్లాన్ పెంచినా లాభం లేదు. వారం పాటు మధ్యాహ్నం, రాత్రి స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్లు తీసి, వీధిలో పదిమంది కలిసి అడిగితే కదులుతాడు.

## ఫైబర్ రాని చోట

ఎయిర్‌ఫైబర్ మా ఊళ్లో పనిచేస్తుందా?

2023లో ఎయిర్‌టెల్, జియో మొదలుపెట్టిన ఈ పద్ధతిలో డాబా మీద పెట్టిన డబ్బా 5జీ టవర్ నుంచి సిగ్నల్ తీసుకుంటుంది. వైరు తెగే బాధ లేదు. బుక్ చేసే ముందు అదే కంపెనీ సిమ్ ఉన్న 5జీ ఫోన్‌తో డాబా ఎక్కి, రాత్రి తొమ్మిదింటికి స్పీడ్ చూడండి. పగటి టెస్ట్‌కు విలువ లేదు. టవర్ కనిపించే వైపు చెట్లు అడ్డముంటే 3.3 గిగాహెర్ట్జ్ సిగ్నల్ బాగా తగ్గుతుంది. ఎండాకాలంలో ఆకు రాలినప్పుడు బిగించి, వానల తర్వాత చిగుర్లు రాగానే స్పీడ్ పడిపోయిందనేవాళ్లు ఇందుకే.

సిమ్ వేసే 4జీ రౌటర్ కొనాలనుకుంటున్నా. ఏం చూడాలి?

ముందు సిగ్నల్ కొలవండి. గీతలు చూసి లాభం లేదు. ఫోన్‌లో నెట్‌వర్క్ సమాచారం చూపే యాప్ పెట్టి ఆర్ఎస్ఆర్‌పీ, అంటే టవర్ సిగ్నల్ బలం చూపే అంకె చూడండి. మైనస్ 90 కన్నా మెరుగైతే హాయిగా నడుస్తుంది, మైనస్ 110 అంటే ఇంట్లో కష్టం. ఇంటి నాలుగు వైపులా, డాబా మీద కొలిస్తే ఒకచోటికీ ఇంకోచోటికీ 15, 20 తేడా వస్తుంది. రౌటర్‌ను ఆ మంచి చోట పెట్టి లాన్ వైరు కిందికి దించండి. యాంటెన్నా పైన పెట్టి, రౌటర్ కింద ఉంచి, మధ్యలో పది మీటర్ల సన్నటి యాంటెన్నా వైరు లాగితే పట్టుకున్న సిగ్నల్ ఆ వైరులోనే పోతుంది.

రౌటర్ ఏ బ్యాండ్లు (కంపెనీ సిగ్నల్ నడిచే తరంగాల వరసలు) పట్టుకుంటుందో చూసి కొనండి. పాడేరు, చింతపల్లి, ఉట్నూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో చాలాచోట్ల బీఎస్‌ఎన్‌ఎల్ 4జీయే దిక్కు. సిగ్నల్ లేని ఊళ్లకు 4జీ ఇచ్చేందుకు 2022 జూలైలో కేంద్రం ఆమోదించిన పథకం కూడా ఆ సంస్థకే అప్పగించారు. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ బ్యాండ్ 28, బ్యాండ్ 1 మీద నడుస్తుంది. చౌక రౌటర్లలో బ్యాండ్ 28 ఉండదు, సిమ్ వేసినా నెట్‌వర్క్ కనిపించదు.

సిగ్నల్ బూస్టర్ పెట్టుకోవచ్చా?

అనుమతి లేకుండా పెట్టడం చట్టవిరుద్ధం. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నా సరే. మీ ఇంట్లో గీతలు పెరిగినా టవర్‌కు రొద పెరిగి ఊళ్లో మిగతావాళ్ల ఫోన్లు కట్ అవుతాయి.

ఊళ్లో ఇంట్లో ఫైబర్ ఉంది. రెండు కిలోమీటర్ల దూరంలో రొయ్యల చెరువుల దగ్గరికి తీసుకెళ్లాలి. ఎలా?

5.8 గిగాహెర్ట్జ్ అవుట్‌డోర్ రేడియోలు రెండు కొని, డాబా మీద ఒకటి, చెరువు షెడ్డు మీద ఒకటి ఎదురెదురుగా పెట్టాలి. 2018 అక్టోబరు నుంచి 5 గిగాహెర్ట్జ్‌లోని ప్రధాన బ్యాండ్లకు, పవర్ హద్దుల్లో ఉన్నంతవరకు, లైసెన్సు అక్కర్లేదు.

అవతలి డాబా కంటికి కనిపించినంత మాత్రాన సరిపోదు. రేడియో తరంగం మధ్యలో ఉబ్బి వెళ్తుంది. రెండు కిలోమీటర్ల దూరానికి సరిగ్గా మధ్యలో దాని సగం వెడల్పు 5 మీటర్లు, అందులో అరవై శాతమన్నా ఖాళీగా ఉండాలి. అంటే దారిలో ఉన్న చెట్ల తలలకన్నా మీ చూపు గీత పదడుగులు పైన పోవాలి. కోనసీమ కొబ్బరితోటల్లో ఇది పెద్ద చిక్కు, అక్కడ అరవై అడుగుల టవర్ లేకుండా కుదరకపోవచ్చు. భీమవరం వైపు చెరువుల మీదుగా అయితే 20, 30 అడుగుల పైపు చాలు.

పైపును మూడువైపులా తీగలతో బిగించి కట్టాలి, గాలికి ఊగితే లింకు కూడా ఊగుతుంది. గురి చూసేటప్పుడు ఒక మనిషి ఫోన్‌లో అంకె చదువుతుంటే ఇంకో మనిషి రేడియోను చాలా నెమ్మదిగా కుడి ఎడమలకు తిప్పాలి. మైనస్ 50 నుంచి మైనస్ 65 మధ్య రావాలి. మైనస్ 80 దగ్గర ఆగిపోయిందంటే అసలు పుంజాన్ని వదిలి పక్క పుంజాన్ని పట్టుకున్నారేమో, ఇంకొంచెం దూరం తిప్పి చూడండి. ఒక్కో రేడియోకు పది వాట్ల లోపే కాబట్టి ఏరేటర్ల కోసం ఉన్న కరెంటు పోయినా చిన్న సోలార్ పలక, బ్యాటరీతో నడిపించవచ్చు.

శాటిలైట్ ఇంటర్నెట్ సంగతేంటి?

పాత వీశాట్ పద్ధతిలో ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పోయి రావడానికి అర సెకను పైనే, వీడియో కాల్‌కు విసుగు. బ్యాంకు శాఖలకు, ఏటీఎంలకు వాడతారు. స్టార్‌లింక్ ఉపగ్రహాలు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులోనివి, ఆలస్యం చాలా తక్కువ. ఆ సంస్థకు 2025 జూన్‌లో మన టెలికాం శాఖ లైసెన్సు ఇచ్చింది. మీ ప్రాంతంలో అధికారికంగా అమ్ముతున్నారని తేల్చుకోకుండా డబ్బు కట్టకండి. బంధువులు విదేశం నుంచి తెచ్చిన డిష్ ఇక్కడ పెట్టడం నేరం. డిష్ 50 నుంచి 100 వాట్లు తింటుంది, కరెంటు కోతలున్న చోట ఇన్వర్టర్ తప్పదు.

మా కనెక్షన్ పక్కింటివాళ్లకు ఇచ్చి నెలకు ఇంత తీసుకోవచ్చా?

మామూలు ఇంటి ప్లాన్ మీద కుదరదు. వాళ్లు చేసే పనికి మీ పేరే దొరుకుతుంది. చట్టప్రకారం చేయాలంటే 2020 డిసెంబరులో వచ్చిన పబ్లిక్ వైఫై పథకం పీఎం వాణి ఉంది. కిరాణా కొట్టు కూడా లైసెన్సు లేకుండా వైఫై అమ్మవచ్చు. ఇలాంటి కొట్లను కలిపి నడిపే నమోదైన అగ్రిగేటర్‌తో ఒప్పందం చేసుకుని వాళ్ల పద్ధతిలో లాగిన్ పెట్టాలి. ఇలాంటి కొట్లకు 200 ఎంబీపీఎస్ లోపు ఫైబర్‌ను ఇంటి ప్లాన్ రేటుకు రెట్టింపు మించి అమ్మకూడదని 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది.

## ఫిర్యాదు, మార్పు

వారమైంది, ఎవరూ రావట్లేదు. ఎవరికి చెప్పాలి?

ఆపరేటర్‌కు వాట్సాప్ పెట్టడం ఫిర్యాదు కింద లెక్కకు రాదు. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోండి. అదే మీ ఆధారం. పరిష్కారం కాకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల్లోగా అప్పీలు పెట్టాలి. ఫీజు ఉండదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులు తీసుకోదు. టెలికాం శాఖకు కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో రాయొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. లైను లేని రోజులకు అద్దె తగ్గించమని ఫిర్యాదులోనే రాయండి, అడగనిదే ఎవరూ తగ్గించరు.

వేరే కంపెనీకి మారాలి. పాత బాక్స్ పనికొస్తుందా?

ఎక్కువ సార్లు పనికిరాదు, కంపెనీలు వాటిని తమ సాఫ్ట్‌వేర్‌తో బంధించి ఇస్తాయి. కొత్తది వచ్చి రెండు వారాలు నడిచాకే పాతది ఆపండి, ఒక నెల బిల్లు అదనంగా పోయినా ఫరవాలేదు. ఆపమని ఫోన్‌లో చెప్పి వదిలేయకుండా మెయిల్‌లోనో యాప్‌లోనో రాసి నంబరు తీసుకోండి. బాక్స్‌ను అడాప్టర్‌తో సహా ఇచ్చి, సీరియల్ నంబరు రాసిన రసీదు అడగండి. అడాప్టర్ లేదని డిపాజిట్‌లో కోసేవాళ్లు ఉన్నారు.